ముఖరతియు హెచ్.ఐ.వి. భయమును: పరీక్ష యెప్పుడు, ఎచ్చట?

మా కార్యాలయమునకు ప్రతిమాసమును వచ్చు ఉత్తరములలో విత్తనములను గూర్చియు, ఎరువుల పంపకమును గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయబడినవే యెక్కువ. గడచిన భాద్రపద మాసమున వచ్చిన యొక యుత్తరము అట్టిది కాదు. దానిక్రింద సంతకము లేదు. గ్రామము పేరును లేదు. వ్రాసినవాడు మన సభ్యులలో నొకరి కుమారుడనియు, వ్యవసాయము చేయు యువకుడనియు మాత్రము తెలియుచున్నది. శ్రావణమాసారంభమున, శీతలగిడ్డంగిలో నిలువయుంచిన మిరపకాయలు అమ్ముటకై యతడు పట్టణమునకు పోయెను. బేరము తెగక రెండు రాత్రులు అచ్చటనే నిలువవలసివచ్చెను. స్నేహితులు పురికొల్పగా నొక స్త్రీకడకు పోయెను. ఆమె నోటితో నతని యంగమును స్పృశించుట తప్ప వేఱు సంపర్కము జరుగలేదని వ్రాసినాడు.

ఇంటికి వచ్చిన నాటినుండి యతనికి నిద్రలేదు. అన్నము సహింపదు. బరువు తగ్గినది, ఆ తగ్గుటయే రోగలక్షణమేమో యని మఱింత భయము. ఇరువది దినములలో నాలుగుసార్లు ప్రైవేటు ల్యాబులలో రక్తమిచ్చెను. నాలుగుసార్లును వ్యాధి లేదనియే వచ్చినది. అయినను నమ్మిక కలుగలేదు. యూరియాకై దాచిన రొక్కము ఈ పరీక్షలకే ఖర్చైపోయినది. మాఘమున వివాహము నిశ్చయమైయున్నది. "ఈ పెండ్లి మానుకొందునా? మానుకొన్నచో ఇంటిలో ఏమని చెప్పుదును? బ్రతుకుమీద విసుగు పుట్టినది" అని ముగించినాడు.

ఇట్టి విషయము కర్షకుల పత్రికలో నేల యని పెద్దలు కొందఱు అనవచ్చును. పైరునకు తెగులు తగిలినచో సిగ్గుపడి దాచు రైతు మనలో లేడు. పదిమందిని అడుగును, ఆకు త్రుంచి తెచ్చి చూపును, తెలిసినవారిచే మందు చెప్పించుకొనును. శరీరమునకు వచ్చిన సందేహమును మాత్రము మనము దాచుదుము. దాచిన సందేహము పెరుగును. పేరు లేని యుత్తరమునకు జవాబు టపాలో పంప వీలులేదు గావున ఇచ్చటనే వ్రాయుచున్నాము. ఇదే సందేహము మనసున నుంచుకొని వ్రాయలేకపోయిన ఇతరులకును ఇది యుపయోగపడవచ్చును. విషయమును స్పష్టమైన మాటలతోనే చెప్పుదుము. చాటుమాటలవలన సగము తెలిసి సగము తెలియక యుండుటయే భయమునకు మూలము.

వ్యాధి వ్యాపించు మార్గములు

హెచ్.ఐ.వి. యనునది వైరస్ జాతికి చెందిన సూక్ష్మజీవి. రోగములను ఎదిరించుటకై మన రక్తమున నుండు తెల్లకణములలో నొక తెగను పట్టుకొని, క్రమక్రమముగ నశింపజేయుట దీని పని. చికిత్స లేనిచో కొన్ని సంవత్సరములకు శరీరము క్షయ మొదలగు ఇతర వ్యాధులకు లోబడును. ఆ దశకే ఎయిడ్సు అని పేరు. 1981లో అమెరికా వైద్యులు ఆ దశను మొదట గుర్తించిరి. 1983లో పారిస్ నగరమందలి పాస్టర్ సంస్థవారు దానికి కారణమగు వైరస్‌ను వేఱుచేసి చూపిరి. మన దేశమున 1986లో మద్రాసునందు రక్తపరీక్షలలో ఇది మొదటిసారి బయటపడెను. 2021వ సంవత్సరపు జాతీయ అంచనాలనుబట్టి, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగలవారిలో దేశమంతట వేయిమందికి ఇంచుమించు ఇద్దఱికి ఈ వైరస్ కలదు. తెలంగాణములో నీ సంఖ్య 4, 5 మధ్యను, ఆంధ్రప్రదేశములో 6, 7 మధ్యను ఉన్నది. కావున మన జిల్లాలవారు దీనిని తెలిసికొనుట అవసరమే.

ఇతరులకు సోకజాలునంత వైరస్ ఉండు ద్రవములు కొన్నియే. అవి రక్తము, పురుషుని రేతస్సు, దానికి ముందుగ వెలువడు ద్రవము, స్త్రీ యోనిస్రావము, గుదమందలి స్రావము, తల్లిపాలు. ఉమ్మిలో గాని, చెమటలో గాని, కన్నీటిలో గాని సోకునంత వైరస్ లేదు. కావున ఒకే కంచమున తినుటవలనను, ఒకే బావి నీరు త్రాగుటవలనను, చేయి కలుపుటవలనను, దోమకాటువలనను ఇది రాదు.

ఆ ద్రవములలో నొకటి తగిలినంతమాత్రముననే వ్యాధి వచ్చుననుటయు సరికాదు. కాలువలో నీరున్నంతమాత్రమున మడి తడవదు. తూము తెఱచియుండవలయును, నీరును చాలినంత పారవలయును. వైరస్ గల ద్రవము తగినంతగ నుండి, యోని, గుదము మొదలగు చోట్లనుండు పలుచని లోపొరద్వారా గాని, తెఱచిన గాయముద్వారా గాని, సూదిద్వారా గాని రక్తమును చేరవలయును. బయటి గాలిలో నీ వైరస్ త్వరలోనే బలహీనపడును.

నోటి సంపర్కమున అపాయమెంత?

స్త్రీపురుషులు గాని, పురుషులు పురుషులు గాని నోటితో మర్మాంగములను స్పృశించు సంపర్కమును ముఖరతి యందురు. ఇది క్రొత్తగ పుట్టినది కాదు. వాత్స్యాయనుని కామసూత్రములలో ఔపరిష్టకమను పేర దీనికి ప్రత్యేకముగ నొక యధ్యాయమే కలదు. దీనివలన హెచ్.ఐ.వి. వచ్చుట మిక్కిలి యరుదు. దీనికి కారణము లాలాజలమే. పలుచనైన యా ద్రవమున వైరస్‌ను మోయు కణములు ఉబ్బి పగిలిపోవును. వైరస్‌ను అణచు ప్రోటీనులును అందు కలవు. నోటిలోపలి పొర యోని, గుదముల పొరలకంటె సోకుటకు తక్కువ యనుకూలమైనది.

దీనిని పరిశీలించి చూచినవారు కలరు. స్పెయిన్ దేశమున మాడ్రిడ్ నగర వైద్యులు, దంపతులలో నొకరికి వైరస్ యుండి మఱియొకరికి లేని 135 జంటలను చాలకాలము గమనించి, 2002లో ఫలితములను ప్రకటించిరి. ఆ జంటలలో నిరోధసాధనము లేకుండ జరిగిన నోటి సంపర్కముల సంఖ్య 19,000నకు మించియున్నది. వానివలన ఒక్కరికైనను వైరస్ సోకలేదు.

ఇతర మార్గములతో పోల్చి చూచినచో భేదము తెలియును. చికిత్స పొందని రోగితో, కండోము లేకుండ, 10,000 సార్లు సంపర్కము జరిగినదనుకొందము. గుదమార్గమున స్వీకరించువారికి 138 సార్లును, యోనిమార్గమున స్త్రీకి 8 సార్లును, పురుషునకు 4 సార్లును సోకవచ్చునని లెక్కించిరి. మత్తుమందులు ఎక్కించుకొనువారు ఒకే సూది వాడుకొన్నచో 63 సార్లు సోకవచ్చును. వైరస్ గల రక్తమును శరీరమునకు ఎక్కించినచో 10,000లో 9,250 సార్లు సోకును. నోటి సంపర్కమునకు మాత్రము లెక్కకు అందునంత సంఖ్యయే దొరకక, "అతిస్వల్పము" అని వ్రాసి విడిచిరి. యోనిమార్గపు సంఖ్యలు చిన్నవిగ గనబడినను ఆ మార్గమును తేలికగ చూడరాదు. మన దేశమున నీ వ్యాధి యెక్కువగ వ్యాపించినది ఆ మార్గముననే. మర్మాంగములపై పుండ్లున్నను, రోగికి వైరస్ క్రొత్తగ సోకియున్నను అపాయము అనేక రెట్లు పెరుగును.

పొలమున నీరుకట్టె కఱచినవాడును భయముతో వడవడ వణకును. నీరుకట్టెకు విషములేదని యెఱిగినవాడు గాయము కడిగికొని నిదానించును. అంతమాత్రమున కట్లపామును, రక్తపింజరిని చేతితో పట్టుకొనువాడు లేడు గదా. ఏది యెంత అపాయకరమో తెలిసికొనుటయే వివేకము.

ముఖరతియందును అందఱికి అపాయము సమానము కాదు.

మొదటిది, తన యంగమును ఇతరుల నోట నుంచిన పురుషుని స్థితి. ఇతనికి తగులునది లాలాజలము మాత్రమే. ఎదుటివారి నోట రక్తము స్పష్టముగ కాఱుచుండి, ఇతని యంగముపై తెఱచిన పుండున్నగాని అపాయమును ఊహించుటకైనను వీలులేదు. ఉత్తరము వ్రాసిన సోదరుని స్థితి యిదియే.

రెండవది, పురుషాంగమును నోట గ్రహించినవారి స్థితి. రేతస్సు నోట పడినచో వీరికి కొంచెము అపాయము కలదు. చిగుళ్లనుండి రక్తము వచ్చుచుండుట, నోటిపుండ్లు, క్రొత్తగ పన్ను తీయించుకొనుట దానిని పెంచును. గుట్కా, ఖైనీలు నమలి నోటిని పుండుచేసికొన్నవారు దీనిని గమనింపవలయును. అప్పుడే వేపపుల్లతో గట్టిగ తోముకొని చిగుళ్లు చీఱుకొనిపోయినవారును అట్లే.

మూడవది, స్త్రీ మర్మాంగమునకు నోరు తగిల్చినవారి స్థితి. ఇదియు అతిస్వల్పమే. ఋతుకాలమున రక్తము తగులును గనుక కొంత యెక్కువ.

నాలుగవది, గుదమునకు నోరు తగిల్చుట. హెచ్.ఐ.వి. భయము ఇందును లేనట్లే. కాని రక్తవిరేచనములు, కడుపులో పురుగులు, ఒక విధమగు కామెర్లు దీనివలన రాగలవు.

కండోము వాడినచో నీ స్వల్పమైన అపాయమును తొలగును. స్త్రీ మర్మాంగమునకైనచో కొత్త కండోమును కొనను, మూతిని కత్తిరించి, నిలువున చీల్చి పఱచి అడ్డుగ నుంచవచ్చును.

విత్తిన మఱునాడు మొలక వెదకరాదు

పై సోదరుడు ఇరువది దినములలో నాలుగు పరీక్షలు చేయించుకొనెను. ఆ రొక్కము చాలవఱకు వృథా. విత్తిన మఱునాడే మడిగట్టున నిలిచి మొలకలేదని తీర్పుచెప్పు రైతు ఎవ్వడు? గింజ చచ్చినదో బ్రతికినదో మొలకకు పట్టు దినములు గడచినగాని తెలియదు. వైరస్ శరీరమున ప్రవేశించిన పిమ్మట, దానిని ఎదిరించుటకై శరీరము ప్రతిరక్షకములను తయారుచేయును. సాధారణ పరీక్ష కనుగొనునది వైరస్‌ను కాదు, ఆ ప్రతిరక్షకములను. అవి చాలినంతగ ఏర్పడుటకు కొన్ని వారములు పట్టును. ఆ నడిమి కాలమున వైరస్ ఉన్నను పరీక్షలో లేదనియే వచ్చును.

పరీక్షల జాతినిబట్టి ఈ కాలము మాఱును. ప్రతిరక్షకములను మాత్రమే కనుగొను పరీక్షలకు 23 మొదలు 90 దినములు పట్టును. ప్రతిరక్షకములతోపాటు వైరస్ యొక్క యొక భాగమునుగూడ కనుగొను నాలుగవ తరము పరీక్షను, నరమునుండి రక్తము తీసి ల్యాబులో చేసినచో 18 మొదలు 45 దినములు చాలును. వైరస్‌నే నేరుగ కనుగొను పరీక్ష 10 మొదలు 33 దినములలో చూపగలదు గాని, అది ఖరీదైనది. సాధారణముగ అందఱికి అవసరము లేదు. జ్ఞాపకముంచుకొనుటకు సులభమైన మాట యొక్కటే: ఏ పరీక్షయైనను 90 దినములు నిండిన పిమ్మట "లేదు" అని చెప్పినచో, అది లేదనుటయే. నడుమ మఱల అపాయకరమైన సంపర్కము లేనిచో, ఆ పిమ్మట పరీక్ష వెంట పరీక్ష చేయించుకొనవలసిన పనిలేదు.

లక్షణములనుబట్టి నిర్ణయించుకొనుట మఱియొక పొరపాటు. వైరస్ సోకిన 2 మొదలు 4 వారములలో కొందఱికి జ్వరము, గొంతునొప్పి, ఒడలిపై దద్దురులు రావచ్చును. కొందఱికి ఏమియు రావు. వానకాలమున డెంగీకిని, మామూలు జ్వరములకును ఇవే లక్షణములు. తిండి నిద్ర మానినవాడు బరువు తగ్గక యేమగును?

మొదటి 72 గంటలు

అపాయము నిజముగ పెద్దదైనప్పుడు కాలము చాల విలువైనది. కండోము లేకుండ, లేదా కండోము చినిగి, యోనిమార్గమున గాని గుదమార్గమున గాని సంపర్కము జరిగియుండి, ఎదుటివారికి వ్యాధి యున్నదని తెలిసినను, ఉండునని సందేహించుటకు తగిన కారణమున్నను, 72 గంటలలోపల వైద్యుని జూడవలయును. ఎంత త్వరగ పోయిన అంత మంచిది. వైద్యుడు అవసరమని తలచినచో 28 దినములు వాడవలసిన మాత్రలు ఇచ్చును. ఒక దినమైనను విడువక వాడినచో వైరస్ వేళ్లూనకుండ అవి చాలవఱకు కాపాడగలవు. 72 గంటలు దాటిన పిమ్మట వానివలన ప్రయోజనము లేదు. ఈ మాత్రలు వాడినవారు పరీక్షాకాలమును మాత్రలు ముగిసిన దినమునుండి లెక్కించుకొనుట మేలు.

బలాత్కారమునకు గుఱియైనవారు సిగ్గుచే ఆలస్యము చేయరాదు. వారికి ప్రభుత్వాసుపత్రి గాని, ప్రైవేటు ఆసుపత్రి గాని రొక్కము తీసికొనక ప్రథమచికిత్స చేసితీరవలయునని చట్టము.

ముఖరతి మాత్రమే జరిగినప్పుడు సాధారణముగ వైద్యులు ఈ మాత్రలను ఇయ్యరు. ఇయ్యకపోవుట అశ్రద్ధవలన కాదు, అవసరము లేకపోవుటవలన. భయపడి అంగడిలో దొరకిన మందును కొని మ్రింగుట తగదు.

పరీక్ష యెచ్చట, ఎట్లు?

జిల్లా ఆసుపత్రులలోను, ఏరియా ఆసుపత్రులలోను, సామాజిక ఆరోగ్యకేంద్రములలోను, పలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోను ఐ.సి.టి.సి. యను సలహా, పరీక్షా కేంద్రములు కలవు. అచ్చట ఒక్క రూపాయియు చెల్లింప నక్కఱలేదు. మొదట కౌన్సిలరు ఏకాంతముగ మాటలాడి, జరిగినది విని, పరీక్ష యనగా నేమో తెలియజెప్పును. మన యంగీకారము లేనిదే రక్తము తీయరాదు. మొదటి పరీక్షలో లేదని వచ్చినచో అంతటితో సరి. 90 దినములు నిండనివారిని మాత్రము మఱల రమ్మందురు. ఉన్నట్లు తోచినచో, వేఱువేఱు విధములైన మఱి రెండు పరీక్షలు చేయుదురు. మూడింటను ఉన్నట్లు తేలినగాని వ్యాధి యున్నదని నిర్ణయింపరు. కావున బజారులోని ల్యాబులో ఒక్క పరీక్షకు "ఉన్నది" అని కాగితము వచ్చినను కుప్పకూలవలదు. ఈ కేంద్రమునకు పోయి నిర్ధారణ చేయించుకొనవలయును.

ఫలితమును రహస్యముగ నుంచవలయునని 2017వ సంవత్సరపు హెచ్.ఐ.వి. చట్టము విధించుచున్నది. ఆ చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనున్నది. వ్యాధి యున్నదను కారణమున ఉద్యోగమున గాని, బడియందు గాని, ఆసుపత్రియందు గాని భేదభావము చూపుట ఆ చట్టముచే నిషిద్ధము. కేంద్రము ఎచ్చటనున్నదో తెలియనివారు 1097 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుపుదురు. ఆ పిలుపునకు ఖర్చులేదు.

ఒక హెచ్చరిక. పరీక్ష ఊరకనే జరుగునుగదా యని రక్తదాన శిబిరమునకు పోయి రక్తమిచ్చువారు కొందఱు కలరు. ఇది మహాపరాధము. మొలక కనబడని కాలమున ఇచ్చిన రక్తము పరీక్షకు చిక్కక, ఏ బాలెంతకో, ఏ పసిబిడ్డకో చేరవచ్చును. సందేహమున్నవారు రక్తదానము చేయరాదు.

అసలు చూడవలసిన వ్యాధులు

ఇంతవఱకు భయమును తగ్గించుటకై వ్రాసితిమి. ఇప్పుడు శ్రద్ధ పెంచుటకై వ్రాయవలసియున్నది. ముఖరతివలన హెచ్.ఐ.వి. రాకపోవచ్చును గాని, సెగయు సవాయియు చక్కగ రాగలవు. హెచ్.ఐ.వి. కొఱకు నాలుగుసార్లు రక్తమిచ్చిన సోదరుడు వీనిని గూర్చి ఒక్కమాటయైనను అడుగలేదు.

సెగ సోకిన పురుషునకు సాధారణముగ వారము లోపల మూత్రమున మంటయు, చీము కాఱుటయు గనబడును. గొంతున సోకినప్పుడు తఱచు ఏ లక్షణమును ఉండదు. కాని ఇతరులకు అంటును. సవాయి సోకినచో ఇంచుమించు మూడు వారములకు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలలోపల, తగిలినచోట నొప్పిలేని పుండు లేచును. నొప్పిలేదు గనుక ఎవ్వరును లెక్కచేయరు. అది తనంతట మానిపోవును. వ్యాధి మాత్రము రక్తమున నిలిచి, సంవత్సరములు గడచిన పిమ్మట గుండెను, మెదడును పట్టుకొనగలదు. గర్భిణికున్నచో కడుపులోని శిశువునకు ప్రాణాపాయము. రక్తపరీక్షచే సవాయి తెలియును. పెన్సిలిన్ సూదిమందుచే మానును. సెగకును వైద్యుడిచ్చు సరియైన మందు కలదు. అంగడివానిని అడిగి తెచ్చుకొన్న అరకొర మాత్రలవలన అది మొండికెత్తును. హెపటైటిస్-బి యను కాలేయవ్యాధికి టీకా కలదు. పెద్దలకు 6 నెలలలో 3 మోతాదులుగ ఇత్తురు. ఇవన్నియు ఆసుపత్రిలో అడిగినచో దొరకును. రహస్యవ్యాధులకు గ్యారంటీ మందులని గోడలపై వ్రాయించుకొనువారికడకు పోవుట రొక్కమును, కాలమును, ఆరోగ్యమును కోలుపోవుటయే.

వ్యాధి యున్నదని తేలినచో

ఈ వ్యాసము చదువువారిలో కొందఱకు పరీక్షయందు వైరస్ ఉన్నట్లు తేలియుండవచ్చును. వారిని విడిచి మాటలాడుట న్యాయము కాదు. 2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి మన ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులను ఉచితముగ ఇచ్చుచున్నది. వ్యాధి తేలిన ప్రతివారికిని, తెల్లకణముల సంఖ్య యెంతయైనను, చికిత్స వెంటనే మొదలుపెట్టుదురు. పెక్కుమందికి దినమునకు ఒక్క మాత్ర చాలును. క్రమముగ వాడినవారు పొలము దున్నుకొనుచు, బిడ్డలను పెంచుకొనుచు ఇతరులవలెనే దీర్ఘకాలము జీవింపగలరు.

మఱియొక గొప్ప మేలు కలదు. మందులవలన రక్తమున వైరస్ పరీక్షకు కనబడనంతగ తగ్గినవారినుండి సంపర్కముచే ఇతరులకు అది సోకదు. యూరపు దేశములలో ఇట్టి జంటలను గమనించి 2016లో ప్రకటించిన పరిశీలనయందు, కండోము లేకుండ 58,000 సంపర్కములు జరిగినను, చికిత్స పొందుచున్న భాగస్వామినుండి మఱియొకరికి సోకుట ఒక్కటియు లేదు. గర్భిణులు మొదటనే పరీక్ష చేయించుకొని మందులు వాడినచో బిడ్డకు సోకకుండ కాపాడుకొనవచ్చును. కావున పరీక్ష యనునది తీర్పు కాదు, చికిత్సకు ద్వారము.

ఆ సోదరునకు మా జవాబు

నాయనా, నీవు వ్రాసినంతయే జరిగినదైనచో, దానివలన నీకు హెచ్.ఐ.వి. సోకుటకు అవకాశము లేనట్లే యని నమ్ముము. నీవు వ్రాయనిది ఏదైన నున్నచో, దానిని మాకు చెప్పనక్కఱలేదు; కౌన్సిలరుకు దాచక చెప్పుము. ఆ సలహా నీవు చెప్పిన మాటలనుబట్టియే యుండును.

ఇక ఏ ల్యాబునకును రొక్కము పోయవలదు. శ్రావణారంభమున జరిగిన దానికి కార్తిక పౌర్ణమినాటికి 90 దినములు దాటియే యుండును. ఆ పిమ్మట నొకదినమున ఐ.సి.టి.సి.కి పోయి, హెచ్.ఐ.వి. పరీక్షయు, సవాయి పరీక్షయు ఒకేసారి చేయించుకొనుము. అంతకుముందే మూత్రమున మంటగాని, చీముగాని, పుండుగాని కనబడినచో కార్తికము వఱకు ఆగక వైద్యునికి చూపుము. పరీక్షలో లేదని వచ్చినచో ఆ కాగితమును మడిచి పెట్టెలో పెట్టి, ఈ సంగతిని అంతటితో ముగింపుము. మాఘమునకు ఇంకను రెండు మాసములకుపైగ వ్యవధి యుండును. పెండ్లి మానవలసిన పనిలేదు. పెండ్లికి ముందు వధూవరులిరువురును ఇష్టపూర్వకముగ పరీక్ష చేయించుకొనుట అందఱికిని మంచి యలవాటు. దానిని నీవు మొదలుపెట్టినచో తప్పులేదు.

బ్రతుకుమీద విసుగు పుట్టినదని వ్రాసితివి. ఆ వాక్యమే మమ్ము ఎక్కువ కలతపెట్టినది. ఈ మూడు మాసములు ఒంటరిగ నుండవలదు. నమ్మదగిన అన్నకో, మేనమామకో, స్నేహితునకో చెప్పుకొనుము. ఇంటివారితో చెప్పుకొనలేనిచో 14416 అను సంఖ్యకు ఫోను చేయుము. అది మనోవేదన గలవారికై ప్రభుత్వము నడుపుచున్న టెలీమానస్ ఏర్పాటు. తెలుగులోనే మాటలాడుదురు, సొమ్ము అడుగరు. ఆ స్త్రీని దూషించుకొనుటవలనను, నిన్ను నీవు దూషించుకొనుటవలనను ప్రయోజనము లేదు. మునుముందు అట్టి యవసరము కలిగినచో నిరోధ్ వాడుము.

ఈ సంచిక నీ చేతికి అందునప్పటికి వరి పొట్టకు వచ్చియుండును. పైరును చూచుకొనుము; వేళకు అన్నము తినుము. పరీక్ష యైన పిమ్మట నీకు తోచినచో, పేరు లేకుండనే మఱియొక కార్డు వ్రాయుము. దానికై మేము ఎదురుచూచుచుందుము.